కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) విద్యార్థులకు సాంకేతిక రచన నేర్పడం: మీ విభాగానికి ఏ పద్ధతి సరిపోతుంది?

నాలుగో సంవత్సరం ప్రాజెక్టు రిపోర్టులు దిద్దే అధ్యాపకులందరికీ ఒక వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది: "ప్రతిపాదిత వ్యవస్థ ప్రస్తుత వ్యవస్థ కంటే మెరుగైన ఫలితాలను ఇస్తుంది." ఎంత మెరుగు, దేనితో పోలిస్తే మెరుగు, ఏ డేటా మీద మెరుగు అని రివ్యూలో అడిగితే బ్యాచ్‌లోని నలుగురూ నీళ్లు నములుతారు. అదే ప్రశ్న ల్యాబ్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని అడిగితే, పాత పద్ధతి ఏ చిత్రాలను తప్పుగా గుర్తించిందో, తాము ఏ మార్పు చేశాక అవి సరిగా వచ్చాయో వేలు పెట్టి చూపిస్తారు. విషయం వాళ్ల దగ్గర ఉంది. దాన్ని చదివేవారికి అందేలా రాయడం మనం నాలుగేళ్లలో ఎక్కడా నేర్పలేదు.

సాంకేతిక కోర్సుల నాణ్యతను పరిశీలించే జాతీయ మండలి (ఎన్‌బీఏ) గుర్తింపు కోసం మనం నింపే పత్రాల్లో మాత్రం ఈ నైపుణ్యానికి చోటు ఉంది. ఇంజినీరింగ్ పట్టభద్రుడు రిపోర్టులనూ డిజైన్ పత్రాలనూ సమర్థంగా రాయగలగాలని ఆ కార్యక్రమ ఫలితాల జాబితా స్పష్టంగా చెబుతుంది. ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014లో శాశ్వత సభ్యత్వం పొందాక ఆ జాబితాకు ప్రాధాన్యం ఇంకా పెరిగింది. అయితే జాబితాలోని ఆ అంశానికి ఎదురుగా మొదటి సంవత్సరం ఇంగ్లిష్ సబ్జెక్టునూ చివరి సంవత్సరం ప్రాజెక్టునూ చూపించి సరిపెట్టుకోవడం చాలా విభాగాల్లో అలవాటైపోయింది. ఇది చాలదని గుర్తించిన విభాగానికి సాధారణంగా ఐదు దారులు కనిపిస్తాయి. ఇంగ్లిష్ విభాగం చేత ప్రత్యేక కోర్సు చెప్పించవచ్చు. సీఎస్‌ఈ ల్యాబుల్లోనే రాతను కలపవచ్చు. రెండు విభాగాలూ కలిసి బోధించవచ్చు. ఆన్‌లైన్ కోర్సుకు పంపవచ్చు. లేదా ప్రాజెక్టు రిపోర్టుకు ముందు రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టవచ్చు.

వీటిని పోల్చడానికి నేను వాడే కొలమానం ఒక్కటే: విద్యార్థి రాసినదాన్ని ఎవరు చదువుతారు, చదివి ఎన్నిసార్లు తిరగరాయిస్తారు? సిలబస్ ఎంత బాగున్నా, పుస్తకం ఎంత మంచిదైనా, తిరగరాయించని పద్ధతితో రాత వచ్చిన విద్యార్థిని నేను చూడలేదు. తిరగరాయించడానికి కావలసినది అధ్యాపకుల సమయం కాబట్టి ఒక చిన్న లెక్క ముందే వేసుకోవాలి. సెక్షన్‌లో 60 మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరు రెండు పేజీలు రాస్తే, ఒక్కో రాతకు పది నిమిషాల చొప్పున 10 గంటలు పడుతుంది. తిరగరాసినదాన్ని మళ్లీ చదివితే మరో 10 గంటలు. సెమిస్టర్‌కు మూడు రాతలు పెట్టుకుంటే మొత్తం 60 గంటలు. వారానికి పదహారు, పద్దెనిమిది గంటలు పాఠాలు, ల్యాబులు చూసే అధ్యాపకుని మీద దీన్ని అదనంగా మోపితే రెండో రాత నుంచే అది తూతూ మంత్రంగా మారుతుంది. కింద చెప్పబోయే దారుల్లో ఏది ఎంచుకున్నా ఈ 60 గంటలు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పలేకపోతే ఆ ఎంపిక కాగితం మీదే ఉండిపోతుంది.

ఇంగ్లిష్ విభాగం చేతిలో ప్రత్యేక కోర్సు

ఈ పద్ధతికి ఉన్న పెద్ద బలం, టైంటేబుల్‌లో దానికంటూ గంటలు ఉండటం. వాక్యం ఎక్కడ తెగుతోందో, పేరాలో ఏ మాట ముందుండాలో చెప్పడంలో ఇంగ్లిష్ అధ్యాపకులకు ఉన్న శిక్షణ మనలో చాలామందికి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. దిద్దడం వాళ్ల వృత్తిలో భాగం కనుక 60 కాగితాలు చూడటం వాళ్లకు కొత్త కాదు.

బలహీనత రెండు చోట్ల ఉంది. మొదటిది, ఈ కోర్సు సాధారణంగా మొదటి సంవత్సరంలో వస్తుంది, అప్పటికి విద్యార్థి చేతిలో రాయదగిన ప్రోగ్రామే ఉండదు. అందువల్ల కోర్సు ఉత్తరాలు, రెజ్యూమేలు, ఊహాజనిత ఫ్యాక్టరీ ప్రమాదం మీద రిపోర్టు వంటి వాటి చుట్టూ తిరుగుతుంది. రెండోది, కంప్యూటర్ రంగంలో కొన్ని మామూలు మాటలకు కచ్చితమైన అర్థాలు ఉన్నాయి. ఇంటర్నెట్ ప్రమాణాలను వివరించే ఆర్‌ఎఫ్‌సీ పత్రాలు 1969 నుంచి వస్తున్నాయి. వాటిలో 1997లో వెలువడిన 2119వ పత్రం మొత్తం "మస్ట్", "షుడ్", "మే" వంటి కొన్ని మాటలకు అర్థం నిర్ణయించడానికే రాసినది. "మస్ట్" అంటే తప్పనిసరి. "షుడ్" అంటే తగిన కారణం ఉంటే, పర్యవసానాలు ఆలోచించుకున్నాక, మినహాయించుకోదగినది. "మే" అంటే చేసేవారి ఇష్టం. మన మాటల్లో చెప్పాలంటే "సర్వర్ జవాబు పంపి తీరాలి", "పంపడం మంచిది", "పంపవచ్చు" అనే మూడు వాక్యాలు ఒకే ప్రోగ్రామర్ చేత మూడు వేర్వేరు ప్రోగ్రాములు రాయిస్తాయి. వ్యాకరణం దృష్టితో దిద్దేవారికి ఈ మూడూ సరైన వాక్యాలే, ఏది తప్పో చెప్పడానికి ప్రోటోకాల్ తెలిసినవారు కావాలి.

అందుచేత ఈ దారిని ఎంచుకునే విభాగం కనీసం కోర్సును రెండో సంవత్సరం రెండో సెమిస్టర్‌కు జరపాలి. విద్యార్థులు అప్పటికే డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో తాము రాసిన ప్రోగ్రాములనే ఇంగ్లిష్ తరగతికి తీసుకువెళ్లాలి. ఈ రెండూ కుదరకపోతే ఆ గంటలు వేరే పనికి వాడుకోవడం మేలు.

ల్యాబుల్లోనే రాతను కలపడం

నా అభిప్రాయంలో విశ్వవిద్యాలయం ఇచ్చిన సిలబస్‌నే చెప్పే అనుబంధ కళాశాలలకు అన్నిటికంటే అందుబాటులో ఉన్న దారి ఇదే, ఎందుకంటే దీనికి సిలబస్ మార్పు అక్కరలేదు, కొత్త క్రెడిట్లు అక్కరలేదు. ల్యాబ్ రికార్డు ఎలాగూ రాయిస్తున్నాం. ప్రస్తుతం ఆ రికార్డు ఏ స్థితిలో ఉందో అందరికీ తెలుసు: ఎయిమ్, ఆల్గారిథమ్, ప్రోగ్రామ్, అవుట్‌పుట్ అనే నాలుగు శీర్షికలు, సీనియర్ల రికార్డు నుంచి మక్కీకి మక్కీ దించిన పేజీలు, చివరన సంతకం, ఇంటర్నల్ మార్కులు. రాసే విద్యార్థి ఆలోచించడు, సంతకం చేసే అధ్యాపకుడు చదవడు. సెమిస్టర్‌కు పన్నెండు ప్రయోగాల చొప్పున విద్యార్థి చేత వందల పేజీలు రాయిస్తూ, వాటిలో ఒక్క పేజీ కూడా అతని సొంత మాట కాకుండా చేస్తున్నామే అన్న బాధ నాకు ప్రతి సంవత్సరం కలుగుతుంది.

దీన్ని మార్చడానికి పన్నెండు ప్రయోగాలూ మార్చనక్కరలేదు. మూడింటిని ఎంచుకుని, వాటికి రికార్డు బదులు ఒక్కొక్క పేజీ సొంత రాత అడిగితే చాలు. ఆ మూడూ మూడు రకాలుగా ఉండటం మంచిది. ఒకటి, ప్రోగ్రామును ఎలా ఇన్‌స్టాల్ చేసి నడపాలో చెప్పే రీడ్‌మీ. రెండోది, కావాలని ఒక తప్పు పెట్టి ఇచ్చిన ప్రోగ్రాము మీద బగ్ రిపోర్టు. మూడోది, రెండు పద్ధతుల్లో ఒకదాన్ని ఎందుకు ఎంచుకున్నారో చెప్పే డిజైన్ పత్రం, ఉదాహరణకు డేటాను అమర్చే రెండు పద్ధతుల్లో హ్యాష్ టేబుల్ ఎందుకు, ట్రీ ఎందుకు కాదు అన్నది.

రీడ్‌మీ అభ్యాసాన్ని నేను చేయించే తీరు కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే 60 గంటల లెక్కను తగ్గించే కిటుకు అందులోనే ఉంది. రాసిన విద్యార్థి ఫైలును పక్క బ్యాచ్ విద్యార్థికి ఇస్తాడు. అందుకున్న విద్యార్థి అందులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా, ఒక్కొక్క అడుగూ పైకి చదువుతూ, వేరే కంప్యూటర్‌లో చేసుకుంటూ పోతాడు. రాసినవాడు వెనక నిలబడి చూడాలి, నోరు విప్పకూడదు. ఒకసారి ఒక అమ్మాయి రాసిన రీడ్‌మీలో మూడో అడుగు "డేటాబేస్‌ను కనెక్ట్ చేయాలి" అని ఉంది. చదివిన అబ్బాయి అక్కడ ఆగిపోయాడు. ఏ డేటాబేస్, దాని పేరేమిటి, పాస్‌వర్డ్ ఏ ఫైలులో పెట్టాలి, పట్టికలు ముందే తయారు చేసుకోవాలా అన్నది ఎక్కడా లేదు. ఆ అమ్మాయికి ఇవన్నీ తెలుసు, ఎందుకంటే ఆమె కంప్యూటర్‌లో అవి రెండు నెలల కిందటే అమరిపోయాయి. నాలుగు నిమిషాలు అతను వెతుక్కుంటూ ఉంటే ఆమె చెప్పలేక చేతులు నలుపుకుంటూ నిలబడింది. మర్నాడు ఆమె తెచ్చిన రెండో రాతలో ఆ ఒక్క అడుగు ఆరు అడుగులైంది, మొదట్లో "ఈ ప్రోగ్రాము పైథాన్ 3.8 లేదా తర్వాతి వెర్షన్‌తో నడుస్తుంది" అన్న వాక్యం కూడా చేరింది. నేను ఎర్ర పెన్ను ముట్టుకోలేదు. చదివేవాడు ఎక్కడ ఆగిపోయాడో కళ్లారా చూడటం కంటే గట్టి దిద్దుబాటు నా దగ్గర లేదు.

ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. సీఎస్‌ఈ అధ్యాపకుల్లో కొందరికి తమ ఇంగ్లిష్ మీదే నమ్మకం తక్కువ, "రాత దిద్దడం మా పని కాదు" అని తప్పుకుంటారు. ఒక అధ్యాపకుడు శ్రద్ధగా చేయించి, పక్క సెక్షన్‌లో మరొకరు పాత రికార్డే రాయిస్తే విద్యార్థుల్లో అసంతృప్తి మొదలవుతుంది. అందువల్ల హెచ్‌ఓడీ స్థాయిలో ఒక పేజీ మార్కుల పట్టిక ముందే తయారు కావాలి. చదివినవాడు ఎక్కడా ఆగకుండా పని పూర్తి చేయగలిగాడా, అంకెలు, యూనిట్లు, వెర్షన్లు ఉన్నాయా, ఎవరు ఏ పని చేస్తారో ప్రతి వాక్యంలో తెలుస్తోందా అన్న మూడు ప్రశ్నలకు ఎక్కువ మార్కులు ఉండాలి. స్పెల్లింగుకూ వ్యాకరణానికీ తక్కువ మార్కులు చాలు.

రెండు విభాగాలూ కలిసి బోధించడం

ఫలితం దృష్ట్యా ఇది అన్నిటికంటే మెరుగైన పద్ధతి. అన్నిటికంటే కష్టమైనది కూడా ఇదే. అమెరికాలోని ఎంఐటీలో 2001 నుంచి చేరిన ప్రతి బీఎస్ విద్యార్థీ రాతకూ మాటకూ ప్రాధాన్యం ఇచ్చే నాలుగు కోర్సులు చదవాలి. వాటిలో రెండు మానవీయ, సామాజిక శాస్త్రాల్లోనివి, రెండు విద్యార్థి సొంత ప్రధాన విషయంలోనివి. కంప్యూటర్ సిస్టమ్స్ ఇంజినీరింగ్ కోర్సులో విద్యార్థులు బృందంగా ఒక వ్యవస్థను రూపొందించి డిజైన్ రిపోర్టు రాస్తారు. వ్యవస్థ సంగతి కంప్యూటర్ అధ్యాపకులు చూస్తే, రాత సంగతి రచనా బోధన విభాగంవారు చూస్తారు. స్టాన్‌ఫర్డ్‌లో 1987లో డోనాల్డ్ నూత్ గణిత రచన మీద ఒక కోర్సు నడిపినప్పుడు కూడా విద్యార్థుల రాతలను తరగతిలో అందరి ముందూ పెట్టి వాక్యం వాక్యంగా చర్చించారు. అల్గారిథముల విశ్లేషణలో అంతటి పేరున్న పండితుడు ఒక కామా గురించి తరగతి సమయం ఖర్చు పెట్టడం తక్కువ పనిగా అనుకోలేదు.

మన దగ్గర ఇది కుదరాలంటే కళాశాలకు సొంత సిలబస్ పెట్టుకునే స్వయంప్రతిపత్తి ఉండాలి, సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో రెండు విభాగాలూ ఒప్పుకోవాలి, ఒకే గంటను ఇద్దరి పనిభారంలో చూపడానికి ప్రిన్సిపల్ అంగీకరించాలి. ఈ మూడోదే చాలా చోట్ల అడ్డం పడుతుంది. ఇద్దరి గంటలూ లెక్కకు రాకపోతే రెండో నెలకల్లా ఒకరు రావడం మానేస్తారు, అది వాళ్ల తప్పు కాదు. పూర్తి కోర్సు సాధ్యం కానిచోట మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టుకు మాత్రం ఇద్దరు గైడ్లను పెట్టి, ఒకరు సంగతినీ మరొకరు రాతనూ చూసే ఏర్పాటు చేసుకోవచ్చు. పదిహేను బ్యాచ్‌ల మినీ ప్రాజెక్టుకు పదిహేను రిపోర్టులే ఉంటాయి, అరవై కావు. లెక్క అక్కడికక్కడే నాలుగో వంతుకు దిగుతుంది.

ఆన్‌లైన్ కోర్సులు, వర్క్‌షాప్‌లు

గూగుల్ సంస్థ తన ఇంజినీర్ల కోసం తయారుచేసుకున్న సాంకేతిక రచన కోర్సులను 2020లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. చిన్న వాక్యాలు, కర్త స్పష్టంగా ఉన్న క్రియలు, పాఠకుడు ఎవరో ముందే నిర్ణయించుకోవడం వంటి అంశాలను అవి కొద్ది గంటల్లో బాగా చెబుతాయి. తరగతిలో జంటలుగా చేయించే అభ్యాసాలు, బోధించేవారికి కావలసిన సామగ్రి కూడా వాటితోపాటు ఉన్నాయి. ఎన్‌పీటీఈఎల్, స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికల ద్వారా ఐఐటీ అధ్యాపకులు చెప్పే ఇంగ్లిష్, రచనా కోర్సులు తీసుకుంటే పరీక్ష, సర్టిఫికెట్, క్రెడిట్ బదిలీ సౌకర్యం ఉంటాయి. చదువుకోవడానికి ఇవన్నీ మంచివే. కానీ విద్యార్థి సొంత ప్రోగ్రాము మీద సొంత రాతను చదివి వెనక్కి ఇచ్చేవారు వీటిలో లేరు. కాబట్టి వీటిని సెలవుల్లో ముందస్తు చదువుగా పెట్టి, తరగతి గంటలను తిరగరాయించడానికి మిగుల్చుకోవడమే సరైన వాడుక.

చివరి సంవత్సరం వర్క్‌షాప్ గురించి ఎక్కువ చెప్పను. మార్జిన్లు, ఫాంటు, ఐఈఈఈ (ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ) పద్ధతిలో ఉటంకింపులు, సారూప్య శాతం (ఇతరుల రాతతో కలిసే భాగం) తగ్గించుకోవడం అనే నాలుగు విషయాలతో రెండు రోజులు గడిచిపోతాయి. రిపోర్టు చూడటానికి చక్కగా తయారవుతుంది, అందులోని మెరుగైన ఫలితాల వాక్యం మాత్రం అలాగే ఉంటుంది. వేరే ఏదీ సాధ్యం కానప్పుడు తప్ప దీన్ని ఎంచుకోవద్దు. పరిశోధన పత్రాలను తీర్చిదిద్దే లేటెక్ నేర్పాలా, వర్డ్ చాలా అన్న చర్చ కూడా నా దృష్టిలో ఈ కోవలోనిదే. రెండో సంవత్సరంలో కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లో, కోడ్ పక్కనే ఉండే మార్క్‌డౌన్ (సాదా అక్షరాల్లో రాసే) ఫైలు చాలు, పరిశోధన వ్యాసం రాసే రోజున లేటెక్ వారంలో వస్తుంది.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థులు ఎక్కువగా ఉన్నప్పుడు

ఏ దారి ఎంచుకున్నా ఈ ఒక్క విషయం విడిగా ఆలోచించాలి. పల్లెటూరి ప్రభుత్వ బడిలో తెలుగులో చదువుకుని వచ్చిన విద్యార్థి ఖాళీ పేజీ ముందు కూర్చుంటే, ఏం చెప్పాలి అన్న కష్టానికి ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి అన్న కష్టం తోడై, సీనియర్ రిపోర్టు తెరిచి దించడం తప్ప గత్యంతరం లేదనుకుంటాడు. అలాంటి విద్యార్థిని మొదట తెలుగులోనే చెప్పమంటాను. స్నేహితునికి చెబుతున్నట్టు ఐదు నిమిషాలు చెప్పి ఫోనులో రికార్డు చేసుకుని, దాన్ని అంశాలుగా విడదీసి, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో రాయాలి. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పగల పిల్లలు మనలో ఎందరో ఉన్నారని ఆ రికార్డింగులు వింటే తెలుస్తుంది.

ఒక చిక్కును మాత్రం చూపించి చెప్పాలి. తెలుగులో కర్తను వదిలేసినా వాక్యం నిలబడుతుంది. "ఫైలు పంపగానే చెక్ చేసి సేవ్ చేస్తుంది" అంటే ఎదుటివారికి సందర్భాన్ని బట్టి అర్థమవుతుంది. ఇది ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు కర్మణి వాక్యంగా మారి, ఫైలు పంపబడుతుంది, తనిఖీ చేయబడుతుంది, భద్రపరచబడుతుంది అన్న వరుస తయారవుతుంది. పంపేది బ్రౌజరా, తనిఖీ చేసేది సర్వరా, భద్రపరిచేది డేటాబేసా అన్నది ఎక్కడా ఉండదు. "ఎవరు?" అన్న ఒక్క ప్రశ్నను ప్రతి క్రియ పక్కనా పెన్సిలుతో రాయిస్తే సగం సమస్య తీరుతుంది, కొన్నిసార్లు ఆ ప్రశ్నకు విద్యార్థికే జవాబు తెలియదని బయటపడి డిజైన్‌లోని లోపం దొరుకుతుంది. పదో తరగతి తర్వాతే చేర్చుకుని ఆరేళ్లు చదివించే ఆర్‌జీయూకేటీ (ట్రిపుల్ ఐటీల విశ్వవిద్యాలయం) వంటి సంస్థలకు ఈ అభ్యాసాన్ని తొందర లేకుండా, తెలుగు రాతతో మొదలుపెట్టి నడిపే వెసులుబాటు మిగతావారికంటే ఎక్కువ.

చాట్‌జీపీటీ 2022 చివర్లో వచ్చిన తర్వాత ఇంట్లో రాసి తెచ్చే పేజీని బట్టి మార్కులు వేయడం కష్టమైంది. కృత్రిమ మేధ రాసిచ్చిన రీడ్‌మీ నున్నగా ఉంటుంది కానీ, విద్యార్థి చెప్పకపోతే అతని డేటాబేస్ పాస్‌వర్డ్ ఏ ఫైలులో ఉందో దానికి తెలియదు. పక్క బ్యాచ్ విద్యార్థి ఆ రాతతో ప్రోగ్రామును నడపలేకపోయినప్పుడు ఆ సంగతి అక్కడే తేలిపోతుంది. ఆ రకంగా చూస్తే ల్యాబ్ పద్ధతీ ఉమ్మడి బోధనా ఈ మార్పును తట్టుకుంటాయి. ప్రత్యేక కోర్సు రాతలను తరగతి గదిలోనే రాయించుకోవాలి. వర్క్‌షాప్ దగ్గర దీనికి సమాధానమే లేదు.

ఇక ఎంపిక సంగతి. జేఎన్‌టీయూ వంటి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండి, సిలబస్ మార్చే అధికారం లేని కళాశాల ల్యాబ్ పద్ధతినే తీసుకోవాలి, దానికి ముందు సెలవుల్లో ఆన్‌లైన్ కోర్సు చేయించాలి. స్వయంప్రతిపత్తి ఉండి, ఇద్దరు ముగ్గురు ఆసక్తిగల ఇంగ్లిష్ అధ్యాపకులు ఉన్న కళాశాల మినీ ప్రాజెక్టులో ఇద్దరు గైడ్ల ఏర్పాటుతో మొదలుపెట్టి, రెండేళ్లు నడిచాక దాన్ని కోర్సుగా మార్చుకోవాలి. సీఎస్‌ఈ అధ్యాపకులు తక్కువై, ఒక్కొక్కరి మీద మూడు సెక్షన్ల భారం ఉన్నచోట ఇంగ్లిష్ విభాగం కోర్సే దిక్కు, కానీ దాన్ని మొదటి సంవత్సరంలో మాత్రం పెట్టవద్దు.

రాబోయే సెమిస్టర్‌లోనే మొదలుపెట్టాలనుకునేవారు ఒక ల్యాబు, ఒక సెక్షన్, మూడు రాతలతో ప్రారంభించండి. మొదటి రాతగా రీడ్‌మీనే పెట్టండి, దాన్ని మొదటి మిడ్ పరీక్షకు రెండు వారాల ముందు పూర్తి చేయించండి. మిడ్ దగ్గర పడిన తర్వాత పిల్లలు తిరగరాయడానికి కూర్చోరు. ఏ రాతకైనా మొదటి ప్రతికి మార్కులు వేయకండి, తిరగరాసిన ప్రతికే వేయండి. రెండు ప్రతులనూ రికార్డులో పక్కపక్కనే అంటించమనండి.